నవలలో చనిపోయినామెకు పిట్టముద్ద

మా లైబ్రరీలో నెలకోసారి పాఠకులం కలుసుకుంటాం. మొన్న నా వంతు వచ్చింది. ఈమధ్య వచ్చిన మిస్టరీ నవలల్లో ఏవి చదవచ్చో చెప్పమన్నారు. మూడు పుస్తకాలు సంచిలో వేసుకుని పోయాను.

ఒకటి, లిఫ్టు ఎక్కి మధ్యలోనే మాయమైన మనిషి కథ. రెండోది, పెండ్లి ఫోటోలో అందరూ ఉండి ఒక్కరు మాత్రం లేకపోవడం గురించి. మూడోది ఇటుకంత లావు. చివరిదాకా మనల్ని తిప్పి తిప్పి, అంతకుముందు ఎక్కడా కనబడని ఒక వంటవాణ్ణి తెచ్చి హంతకుడంటుంది. "దీన్ని కొనకండి. లైబ్రరీలో తీసుకుని చదివి, నాలాగే తిట్టుకోండి" అన్నాను. అందరూ నవ్వారు.

"మొదటిదానికి మూడు రాట్నాలు, రెండోదానికి నాలుగు. ఈ లావుదానికి ఒక్క రాట్నం కూడా ఆగదు" అని ముగించాను.

ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల చెయ్యెత్తింది. "అమ్మమ్మా, స్టార్లు ఇచ్చుడు చూసినం గని, రాట్నాలు ఇచ్చుడేంది?"

చెప్పబోయేలోపే ఆమె పక్కనున్న అబ్బాయి ఇంకోటి అడిగాడు. "మిమ్మల్ని అన్నిటికన్నా దిమ్మ తిరిగేట్టు చేసిన నవల ఏది?"

రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. కానీ అది అక్కడ నిలబడి చెప్పగలిగేది కాదు. నీళ్లు తాగి కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఇది రాస్తున్నాను.

*

మాది సాలెల వాడ, అంటే నేతవాళ్ల వీధి. తెల్లవారకముందే వాడంతా గంజి వాసన. జొన్నపిండి ఉడికిన పుల్లటి వాసన అది. వీధి పొడుగునా కర్రలు పాతి, వాటి మీద పడుగు, అంటే చీర నిలువు పోగులు, పరిచి, గంజి పెట్టి, ఇటొకరు అటొకరు నిలబడి పెద్ద పెద్ద కుంచెలతో దువ్వేవారు. గంజి పెట్టిన పడుగు ఆరేదాకా కుంచె ఆగకూడదు. ఆగితే పోగులు ఒకదానికొకటి అంటుకుని మొత్తం పాడవుతుంది. పిల్లలం వంగి పడుగు కింది నుంచి దూరిపోతే మా నాన్న, అంటే బాపు, కుంచె కట్టెతో వీపు మీద ఒకటి వేసేవాడు, కానీ కుంచె నడక మాత్రం ఆపేవాడు కాదు.

పగలు తిండ్లయినాక ఆడవాళ్లంతా మా వాకిట్లో పందిరి కింద రాట్నాలు పెట్టుకుని నూలు కండెలు చుట్టేవారు. బాపమ్మ, అంటే బాపు తల్లి, అందరికీ పెద్ద. పక్కన మా అవ్వ, అంటే అమ్మ. ఎదురింటి గాజుల పెద్దవ్వ, మోచేతుల దాకా గాజులుండేవి కాబట్టి ఆ పేరు. అప్పుడే కాపురానికి వచ్చిన ఒక వదినె, నోరు మూతపడని మనిషి. ఒక మూలకు మూలింటి చిన్నవ్వ. లోపలి గదిలో గుంట మగ్గం మీద బాపు. పోగు మోసుకుని పడుగులో పరుగెత్తే నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు సాయంత్రం దాకా వినబడుతూనే ఉండేది.

నా చదువు ఐదో తరగతితో అయిపోయింది. కండెలు చుట్టే చేతులు కావలసి వచ్చి మాన్పించారు. ఆ తర్వాతే అసలు చదువు మొదలైంది. బెల్లం చుట్టిన కాగితం కూడా వదలకుండా చదువుతున్నానని చూసి, బజార్లో కొత్తగా లైబ్రరీ తెరిచినప్పుడు బాపు తన పేరు మీద చేర్పించాడు. తను మాత్రం అక్షరాలు కూడబలుక్కునేవాడు, అంతే. బీరువాలోని పుస్తకాలు ఒక పక్క నుంచి చదువుకుంటూ పోయాను. తాళపత్రాల నుంచి తేనెటీగల పెంపకం దాకా తెలుసుకున్నదంతా ఆ ఒక్క గదిలోనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

అన్నిటిలోకి డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. చిన్న సైజు, గరుకు కాగితం, అట్ట మీద టోపీ పెట్టుకున్న మనిషి, కత్తి, ఒక నీడ. లైబ్రరీ సారు కళ్లద్దాల మీది నుంచి చూసేవాడు.

"గీ ఖూనీల పుస్తకాలు నీకెందుకు బిడ్డా? నీతి కథలు పట్కపో."

"నాకు కాదు సార్, మా బాపమ్మకు."

అది సగం నిజమే. ఒకరోజు పందిరి కింద నాకు నేనే పైకి చదువుకుంటుంటే బాపమ్మ విని, "గట్టిగ సదువు, మేం గూడ ఇంటం. నీ వంతు కండెలు మేం సుడతం" అంది. ఆ రోజు నుంచి అదే నా పని. రాట్నాల రొద మీద వినబడాలంటే గొంతు చించుకోవాలి. గొంతు అలా అలవాటైపోయింది. ఇప్పుడు లైబ్రరీలో మైకు ఇస్తే నాకు నవ్వొస్తుంది.

నవలల్లో మనుషులు "వచ్చాడు, వెళ్ళాడు" అంటారు కదా, మొదటిరోజు వదినె కండె జారవిడిచి మరీ నవ్వింది. "గిట్ల మాట్లాడేటోళ్లు సినిమాలల్లనే ఉంటరు" అంది. అందుకని చదువుతూ చదువుతూనే మా మాటలోకి మార్చేదాన్ని. టోపీ పెట్టుకున్న ఆ డిటెక్టివు మా వాకిట్లో, "జర ఆగుండ్రి, గీ చెప్పులు ఎవలియి?" అని అడిగేవాడు. ఆఖరి పేజీలు నేను ముందే చూసేసేదాన్ని. "పల్లీలు పెట్టకపోతే హంతకుడి పేరు చెప్పేస్త" అని బెదిరిస్తే వదినె కొంగులో ఉన్నవన్నీ నా ఒళ్లో పోసేది.

కథలో ఘోరం జరిగిన చోట రాట్నాలు ఆగిపోయేవి. గుర్ మనే రొద ఒక్కసారి తెగిపోయి, నా గొంతు ఒక్కటే వాకిట్లో మిగిలేది. అదే నా కొలత. లైబ్రరీకి పోతే పెద్ద పెద్ద మీసాల వాళ్లు కూడా, "బిడ్డా, ఈపారి ఏది పట్కపోవాలె?" అని నన్నడిగేవారు. "ఇది మూడు రాట్నాలు ఆగిన నవల. అది ఉత్తది, వదినె రాట్నం ఒక్కటే ఆగింది, అదీ ఆమెకు నిద్రొచ్చి" అని చెప్పేదాన్ని. హుజూరాబాద్ నుంచి నూలు తెచ్చే ఆయన కూడా నా మాట మీదే పుస్తకం పట్టుకుపోయేవాడు. ఊరిలో నా వయసు పిల్ల మాటకు అంత విలువ ఇంకెక్కడా లేదు.

*

మూలింటి చిన్నవ్వ రాట్నం మాత్రం ఎప్పుడూ ఆగేది కాదు. ఎంత ఘోరమైనా సరే. వింటున్నదో లేదో కూడా తెలిసేది కాదు.

ఆమె మొగడు, బాపుకు బాబాయి కొడుకు, మాకు కాకా. నేను పాలు తాగే వయసులో, ఊళ్లలో గడబిడలు జరిగిన రోజుల్లో, చెప్పాపెట్టకుండా బొంబాయి దగ్గర మరమగ్గాలుండే భీవండి పోయాడని, అక్కడ మరాఠీ ఆమెను ఉంచుకున్నాడని వాడంతా అనేవారు. భీవండి నుంచి ఎవరొచ్చినా కాకా ముచ్చట తెచ్చేవారు. ఒకడు కాకా లావెక్కాడనేవాడు, ఇంకొకడు సొంతంగా మరమగ్గం పెట్టుకున్నాడనేవాడు.

చిన్నవ్వ మెడలో పుస్తె ఉండేది, నుదుటిన బొట్టుండేది. కానీ పెండ్లిలో పసుపు దంచడానికి ముత్తైదువలతో పాటు ఆమెను పిలిచేవారు కాదు. మొగడు పోయిన వాళ్లు ఒక పక్కగా కూర్చుంటారు కదా, అక్కడికీ పిలిచేవారు కాదు. ఆమె ఎటు కూర్చోవాలో ఎవరికీ తెలియదు, అందుకని గిన్నెలు కడిగే చోట కూర్చునేది. "మొగడు ఆడ సేటు లెక్క ఉండబట్టె, నువ్వు ఈడ కండెలు సుట్టబడితివి" అని గాజుల పెద్దవ్వ అన్నా మారు మాట్లాడేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. బాపు ఆమె మొగడికి అన్న, అంటే ఆమెకు బావ అవుతాడు. మా వాడలో మరదలు బావ ఎదుట నిలబడి మాట్లాడదు, బావ మరదలి మొహం చూసి మాట్లాడడు. ఏం కావాలన్నా మధ్యలో అవ్వో, నేనో, ఎవరో ఒకరం ఉండాలి.

*

ఆ ఎండాకాలం ఒక కొత్త నవల వచ్చింది. పెద్ద బంగళా. యజమాని భార్య ఒకరోజు కనబడకుండా పోయింది. వయొలిన్ నేర్పే అతనితో లేచిపోయిందని అందరూ అంటున్నారు. డిటెక్టివు వచ్చి ఇల్లంతా చూశాడు. వంటింట్లో మాడిపోయిన పాలగిన్నె చూశాడు. చూసి ఒక మాట అన్నాడు. నేను దాన్ని ఊపిరి తీసుకోకుండా చదివేసి ముందుకు పోబోయాను.

"పొయ్యి మీద పాలు పెట్టిన మనిషి లేచిపోదు."

మూలన ఏదో తెగినట్టయింది. చూస్తే చిన్నవ్వ రాట్నం ఆగి ఉంది. మిగతావన్నీ తిరుగుతున్నాయి.

"పోగు తెగిందా చిన్నవ్వా?" అన్నాను.

"లే. మల్ల సదువు."

"ఏది?"

"గా పాల ముచ్చట."

మళ్లీ చదివాను. చిన్నవ్వ చక్రం మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది.

"గిది ఎవలు రాసిండ్రు బిడ్డా?"

"ఎవరో మద్రాసాయన."

"ఆయనకెట్ల తెలిసె?" అంది. ఆమె మళ్లీ చక్రం తిప్పింది. నేను ఆశ్చర్యపోయాను. అంత చిన్న వాక్యం దగ్గర, ఎవరి రాట్నమూ ఆగని చోట, ఎన్నడూ ఆగని ఆ రాట్నం ఎందుకు ఆగింది? నవలలోని మిస్టరీ కన్నా ఆ రోజు నాకదే పెద్ద మిస్టరీ అయింది.

ఇంకాసేపటికి బంగళా తోటలో గులాబీల కింద ఆమె శవం దొరికింది. రాట్నాలన్నీ టక్కున ఆగాయి. వదినె "అయ్యో, నా తల్లీ!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక హంతకుడు ఎవరో చదవబోతుంటే బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. సచ్చిన మనిషికి ముద్ద వెట్టకుండ కథ ముంగటికి పోతదా?"

నేను నివ్వెరపోయాను. "బాపమ్మా, ఇది కథ. ఆమె నిజంగ లేదు."

"డోలు కొట్టుకుంట కథ చెప్పేటోళ్లు వస్తె, కథల ఎవలన్న సస్తె బియ్యం పోస్తమా, పొయ్యమా? మరి గీమె ఏం పాపం చేసింది? దిక్కులేక గులాబి చెట్ల కింద పడి ఉన్నది. మూడొద్దులకు పిట్టకు పెడుదం. అందాక పుస్తకం ముట్టొద్దు."

అని నా చేతిలోంచి నవల లాక్కుని ఉట్టి మీద పెరుగు కుండ పక్కన పెట్టింది. ఆ ఒక్కదాని ఆఖరి పేజీలు నేనింకా చూసుకోలేదు, ఇక ఆ అవకాశం కూడా లేకుండా పోయింది. నా జీవితంలో హంతకుడెవరో తెలియకుండా అన్ని పూటలు ఎన్నడూ గడపలేదు. వాడంతా అదే ముచ్చట. వయొలినాయనేనని వదినె, లేదు, పనిమనిషని గాజుల పెద్దవ్వ.

*

మా దిక్కు మనిషి పోయిన మూడోనాడు వాళ్లకిష్టమైనవి వండి ఆరుబయట విస్తట్లో పెడతారు. పిట్ట అంటే కాకి. అది వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. పెద్దవాళ్లు అది ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని పైకి చెబుతారు. అప్పుడు వస్తుంది.

"బంగళామెకు ఏం తింటె ఇష్టం?" అని నన్నడిగింది బాపమ్మ.

నేను గుర్తు తెచ్చుకుని చెప్పాను. "పొద్దున కాఫీ తాగింది. రొట్టె మీద ఎర్రగ జాము రాసుకొని తిన్నది."

కాఫీ మా వాడలో లేదు, చాయ పెట్టారు. జామంటే ఏమిటో ఎవరికీ తెలియదు. బాపమ్మ జొన్నరొట్టె కాల్చి దాని మీద ఎల్లిపాయ కారం దట్టంగా రాసింది.

"అది తీపి ఉంటదట బాపమ్మా!"

"ఎర్రగ ఉంటదంటివి గద? ఇది ఎర్రగ లేదా?"

మోదుగాకు విస్తరి వాకిట్లో పెట్టారు. అందరం వరుసగా నిలబడ్డాం. గోడ మీద కాకి ఒకటి కూర్చుని ఉంది. మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది, దిగలేదు. "కారం మంటకు బయపడ్డదేమో" అని వదినె గొణిగింది. బాపమ్మ వదినె నెత్తి మీద ఒకటి మొట్టి, ఉట్టి మీది నుంచి పుస్తకం దించింది.

"ఎవడు సంపిండో తెల్వక పిట్ట ముడుతలేదు. సదువు బిడ్డా. దానికి వినబడేటట్టు సదువు."

విస్తరి ముందు నిలబడి, కాకికి వినబడేటట్టు, ఆఖరి అధ్యాయం చదివాను. లోపల బాపు మగ్గం టకటక నడుస్తోంది. డిటెక్టివు బంగళాలో అందరినీ కూర్చోబెట్టి అంటాడు: "ఆమె లేచిపోయిందని ఊరంతా అంటోంది. ఆ మాట మొట్టమొదట అన్నదెవరు? ఆ మాట ఎక్కడ పుట్టిందో నేరమూ అక్కడే పుట్టింది." ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోతే చివరికి ఆమె బావ దగ్గర తేలుతుంది. చంపింది అతనే.

"థూ, బావనా!" అంది గాజుల పెద్దవ్వ.

కాకి కదలలేదు.

అప్పుడు చిన్నవ్వ తన ఇంటి నుంచి ఇంకో విస్తరి పట్టుకొచ్చింది. ఎప్పుడు వెళ్లిందో మేం చూడలేదు. అందులో సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, కల్యామాకు వేసి, గిన్నెకు ఒత్తి కాల్చింది. అడుగు మాడిన వాసన వాకిలంతా కొట్టింది. ఆ విస్తరి తెచ్చి మొదటిదాని పక్కన పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పింది.

అందరి మొహాలూ తెల్లబోయాయి. కాకాకు మాడిన సర్వపిండి అంటే ప్రాణమని వాడలో తెలియనివాళ్లు లేరు.

అవ్వ ఉరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "చెల్లె! నీకేమన్న పిచ్చి లేసిందా? బతికున్న మనిషికి పిట్టకు పెడతరా? మెడల పుస్తె ఉండంగ!"

"అక్కా," అంది చిన్నవ్వ. నేను విన్నంతలో ఆమె గొంతు అంత గట్టిగా రావడం అదే మొదలు. "గా పొద్దు గంజి నేనే కాసిన. నేనే ఎత్తి పోసిన. పడుగు తడుస్తుంటె చూసి, బట్టలు పిండవోయిన. వచ్చేవరకు మనిషి లేడు, పడుగు లేదు. తడి పడుగు ఇడిసిపెట్టి సాలోడు ఏడికన్న పోతడా? ఇల్లు అంటుకున్నా పోతడా? ఆడదాని కోసం భీవండి పోతడా?"

ఆ వాడలో ఉన్నవాళ్లంతా నేతవాళ్లే. తడి పడుగును వదిలి ఎవరూ పోరని నాకు కూడా తెలుసు, నా వీపుకు కూడా తెలుసు. ఇన్నేళ్లూ అందరికీ తెలిసిన సంగతిని ఒక్కరూ అనలేదు.

చిన్నవ్వ గాజుల పెద్దవ్వ వైపు తిరిగింది. "ఆయన భీవండి పోయిండని నాకు చెప్పింది నువ్వు. నీకెవలు చెప్పిండ్రు?"

గాజుల పెద్దవ్వ గాజులు చప్పుడు చేయడం మానేశాయి. "నాకా... నాకు మీ అక్క చెప్పింది."

అవ్వ తల వంచుకుంది. "నాకు అత్త చెప్పింది."

అందరం బాపమ్మ వైపు చూశాం. ఆమె చాలా చిన్నగా అంది. "నాకు నా కొడుకు చెప్పిండు."

లోపల మగ్గం ఆగిపోయింది.

ఆ చప్పుడు ఆగడం ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. పుట్టినప్పటి నుంచీ పగలంతా వింటున్న చప్పుడు అది. అప్పుడు అర్థమైంది, ఇన్ని రోజులూ ప్రతి నవలా బాపు లోపల కూర్చుని వింటూనే ఉన్నాడు. నా చేతిలో పుస్తకం ఇంకా తెరిచే ఉంది. అందులో చంపింది బావ. బాపు బయటికి రాకపోతే బాగుండు అనుకున్నాను. మరుక్షణం, వస్తే బాగుండు అనుకున్నాను.

చిన్నవ్వ తలుపు వైపు చూడలేదు. బావతో మాట్లాడకూడదు. గోడ మీది కాకిని చూస్తూ అంది.

"పిట్టా, మా బావను అడుగు. నాకు తెల్వక అడుగుతలేను. ఆయన నోట్లకెళ్లి రావాలె అని అడుగుతున్న."

బాపు తలుపు దాటి వచ్చాడు. తల రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు. తనూ కాకినే చూస్తూ నిలబడ్డాడు.

"పిట్టా, ఇను" అన్నాడు. "ఇద్దరమే చెరో దిక్కు కుంచె పట్టుకొని ఉన్నం, వీధిల ఇంకెవలు లేరు. జీపు వచ్చింది. తుపాకులోళ్లు. ఎవలో, ఏ దిక్కోళ్లో నాకు ఇప్పటికి ఎరుకలే. గా దినాలల్ల తుపాకి పట్టుకున్నోళ్లు శానమంది తిరుగుతుండె. తమ్మున్ని పేరు వెట్టి పిలిచిండ్రు. వాడు, 'పడుగు తడి మీదున్నది, ఆరినంక వస్త' అన్నడు. వాళ్లు నవ్విండ్రు. వాగు దిక్కు తీస్కపోయిండ్రు. జరసేపటికి సప్పుడు వినబడ్డది."

చిన్నవ్వ విస్తరి చుట్టూ మళ్లీ నీళ్లు తిప్పింది.

"ఒకడు మల్ల ఎనుకకొచ్చిండు. 'నీ తమ్ముడు భీవండి పోయిండు. ఏడికి పోయిండు?' అన్నడు. 'భీవండి' అన్న. 'మల్లోపారి చెప్పు' అన్నడు. మల్ల చెప్పిన. ఇంట్ల పసిపిల్ల ఉన్నది..." నా వైపు చూడబోయి ఆపుకున్నాడు. "వాళ్లు పోయిండ్రు. వాళ్లల్ల ఇప్పుడు ఎవలున్నరో ఎవలు లేరో, నేను మాత్రం గా దినం సంది అదే చెప్పుకుంట వస్తున్న. వాగుల ఎదికిన. నీళ్లొచ్చినయి, ఏం దొరకలే."

భీవండిలో కాకాను చూశామన్నవాళ్లందరూ నా కళ్ల ముందు తిరిగారు. లావెక్కాడన్నవాడు, మరమగ్గం పెట్టాడన్నవాడు. ఒక్కరూ చూడలేదు. ఒక అబద్ధానికి ఇంతమంది ఇష్టంగా సాక్ష్యం చెబుతారని ఏ నవలలోనూ చదవలేదు నేను.

చిన్నవ్వ, "పిట్టా, పడుగు ఏమైందో అడుగు" అంది.

"ఆరేదాక నేనే రెండు దిక్కుల ఉరికి ఉరికి కుంచె కొట్టిన" అన్నాడు బాపు. "ఒక్క పోగు అంటుకోలే. నేనే నేసిన. అదే చీర. తమ్ముడు ఇచ్చిపోయిండని మా అవ్వతోని పంపిన."

చిన్నవ్వకు ఆ చీర తెలుసు. లేచిపోయినవాడు పడేసిపోయిన చీర అని పెట్టె అడుగున పారేసి, ఒక్కనాడూ కట్టలేదు. అక్కడే విస్తరి ముందు కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఇన్నేండ్లు లేచిపోయినోని పెండ్లాన్ని" అంది. "ఇయ్యాల్టి సంది సచ్చినోని పెండ్లాన్ని. గంతే ఫరక్. గని గా ఫరక్ నాకు కావాలె."

బాపమ్మ అప్పుడు ఏడ్చింది, ఎవరో ఇంట్లో ఇప్పుడే పోయినట్టు, రాగం తీసి. కాకి గోడ దిగి, గెంతుకుంటూ వచ్చి, మాడిన సర్వపిండి ముక్క ఒకటి ముక్కున పట్టుకుని లేచిపోయింది. కాకికి నువ్వుల వాసనంటే ఇష్టమని నేను లైబ్రరీ పుస్తకంలో చదివాను. అయినా ఆ క్షణంలో నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ మాట దాచడం ఎందుకు?

బంగళామె విస్తరి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కారం రొట్టెను సాయంత్రం మా కోడి తిన్నది.

*

తర్వాత కొన్ని రోజులు పందిరి కింద రాట్నాలు లేవు. మగ్గం లేదు. బాపు లోపల గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. అవ్వ అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. భీవండి నుంచి వచ్చిన ఒకాయన మా వాకిట్లోకి రాకుండా చుట్టు తిరిగి పోయేవాడు. నా పుస్తకాల వల్లే ఇదంతా అయిందని గాజుల పెద్దవ్వ అన్నదని తెలిసి, లైబ్రరీకి పోవడం నేనే మానేశాను. ఇక ఎవరూ చదవమనరు, చదివించుకోరు అనుకున్నాను. మా వాకిట్లో మళ్లీ రొద వినబడదని ఏడ్చాను కూడా.

ఒకరోజు తిండ్లయినాక చిన్నవ్వ రాట్నం చంకన పెట్టుకుని వచ్చింది. ఆమెను చూసి అవ్వ చేతిలోని చెంబు జారింది. పుస్తె లేదు. బొట్టు లేదు. కానీ ఒంటి మీద ఆ చీర. ఎర్ర అంచు. రంగు ఏమాత్రం దిగలేదు. ఇన్నేళ్లు పెట్టెలో ఉండి ఉండి మడతలు పడ్డ చోటల్లా చిరిగింది, చిరిగిన చోటల్లా తెల్లదారంతో కుట్టుకుంది.

"మొగడు సచ్చిన మనిషి ఎర్ర అంచు కడతదా?" అని ఎదురింటి గడప మీది నుంచి గాజుల పెద్దవ్వ గట్టిగానే అంది.

"ఆయన గంజి వెట్టిన పడుగు గిది" అంది చిన్నవ్వ, అటు చూడకుండా. తన మూలన కూర్చుని చక్రం సరిచేసుకుంది. కాసేపటికి వదినె వచ్చింది. బాపమ్మ గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. గాజుల పెద్దవ్వ మాత్రం చివరన, తనకిష్టం లేనట్టు వచ్చింది.

"పుస్తకమేదీ?" అంది చిన్నవ్వ నన్ను చూసి.

"తేలేదు. లైబ్రరీకి పోతలేను."

"ఇంట్లున్నదే సదువు. అదే."

ఉట్టి మీది నుంచి ఆ నవలే దించాను. ఇవ్వవలసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. మొదటి పేజీ తీసి నోరు తెరవబోతుంటే చిన్నవ్వ చెయ్యెత్తి ఆపింది.

"ఆగు బిడ్డా. అందరు రాలే."

చుట్టూ చూశాను. అందరూ ఉన్నారు. ఆమె చక్రం తిప్పకుండా, తలుపు వైపు చూడకుండా, ఊరికే కూర్చుంది. అప్పుడు అర్థమై నేనూ కూర్చున్నాను. వదినె కూడా ఆ రోజు మాట్లాడలేదు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. లోపల మొదట కట్టె కిర్రుమంది. తర్వాత నాడె ఒక్కసారి అటు పోయింది. ఆగింది. ఇటు వచ్చింది.

"ఇగ సదువు" అంది చిన్నవ్వ.

ఆ నవల అంత గొప్పదేం కాదు. రచయిత పేరు నాకు గుర్తులేదు, ఆ కాపీ చెదలు తిని పోయి ఉంటుంది. లైబ్రరీలో ఆ అబ్బాయి మళ్లీ అడిగితే, నన్ను దిమ్మ తిరిగేట్టు చేసింది పాలగిన్నె మాట దగ్గర ఒకే ఒక్క రాట్నం ఆగిన నవల అని చెబుతాను. ఇప్పటికీ కొత్త పుస్తకం తెరిచినప్పుడు మొదటి వాక్యం ముందు కాసేపు ఆగుతాను. ఇంట్లోవాళ్లు కళ్లద్దాలు కావాలా అని అడుగుతారు. కాదు. లోపలి నుంచి నాడె కదలాలి.